తడి ఇసుక, పొడి ఇసుక: మా ముందుగది రంగుల డైరీ

1వ రోజు

ముందుగదికి రంగులు మార్చాలని ఏడాదిగా అనుకుంటున్నాను, ఇవాళ మొదలైంది. రెండు గాజు గిన్నెలు తీసుకుని రెండింట్లోనూ ఒకే సంచిలోని ఇసుక పోశాను, అక్వేరియంలో వేసే కడిగిన ఇసుక. ఒక గిన్నెలో నీళ్లు పోశాను, రెండోది అలాగే వదిలేశాను. పొడి ఇసుక లేత గంధం రంగులో ఉంది. తడిసింది ముదురు గోధుమరంగులోకి దిగిపోయింది, పక్కన పెడితే రెండూ ఒకటే ఇసుక అంటే నమ్మలేం.

కిందటిసారి సముద్రం ఒడ్డున నడుస్తున్నప్పుడు ఇదే మనసులో పడింది. అక్కడ ప్రతిదానికీ రెండు రంగులున్నాయి. అల తాకిన రాయి నల్లగా నిగనిగలాడుతుంది, అదే రాయి పైసగం బూడిద రంగులో ఉంటుంది. తాడు, కర్ర, గడ్డి అన్నీ అంతే. పొడి ఇసుకలో రేణువుల మధ్య గాలి ఉంటుంది కాబట్టి పడిన కాంతి చెదిరి చాలావరకు వెనక్కి వచ్చేస్తుంది. ఆ గాలి స్థానంలో నీళ్లు చేరితే కాంతి ఇంకాస్త లోపలికి పోయి, పోయినకొద్దీ కొంచెం కొంచెం ఇంకిపోతుంది, అందుకని ముదురుగా కనబడుతుంది. పదార్థం అదే, కాంతి నడిచే దారి మారింది, అంతే. అందుకే ఒకే వస్తువు తాలూకు తడి రంగు, పొడి రంగు పక్కపక్కన ఎప్పుడూ గొడవపడవని నాకనిపించింది. గది మొత్తం ఈ జంటల మీదే కట్టాలన్నది ఈ ప్రాజెక్టు.

లంగరు బొమ్మలు, చుక్కాని చక్రాలు, 'బీచ్' అని రాసిన చెక్క పలకలు పెట్టను. వాటిని ఇష్టపడేవాళ్లను తప్పుపట్టడం లేదు, కానీ అవి సముద్రాన్ని గుర్తుచేసే బొమ్మలు, నాకు కావలసింది ఒడ్డున కూర్చున్నప్పుడు కళ్లకు దొరికే ఆ విశ్రాంతి.

2వ రోజు

నీలం గురించి తేల్చుకోవాలి, ఎందుకంటే సముద్రం అనగానే అందరూ ముందు నీలం డబ్బా తెస్తారు. నేనూ తేబోయాను. ఆగి ఆలోచిస్తే, సముద్రంలో నీలం దూరానిది. దోసిట్లోకి తీసుకున్న నీళ్లకు రంగుండదు. నీరు ఎరుపు కాంతిని ఎక్కువగా పీల్చుకుంటుంది, అది కంటికి తెలియాలంటే లోతు కావాలి. లోతు తక్కువగా ఉండి కింద తెల్ల ఇసుక ఉన్నచోట నీళ్లు లేత ఆకుపచ్చ నీలంగా కనిపించడం కూడా అందుకే. ఒడ్డున మన కాళ్ల దగ్గర ఉండేవి ఇసుక, నురగ తెలుపు, రాతి బూడిద, ఎండుగడ్డి, పాచి పచ్చ. గదిలో గోడ మనకు నాలుగడుగుల దూరంలో ఉంటుంది, దానికి కాళ్ల దగ్గరి రంగులే సరిపోతాయి. నీలానికి దూరంగా ఒక చోటు వెతకాలి. ఎక్కడో ఇంకా తెలియదు.

5వ రోజు

నమూనాలు పోగుచేశాను: ఇసుక, ఒక పలకరాయి, జనపనార తాడు, పాత చెక్క ముక్క, ఎండిన తుంగ, ఒక ఆలిచిప్ప. ప్రతిదాన్నీ సగం తడిపి, కిటికీ దగ్గర పగటి వెలుతురులో రంగుల కార్డులతో పోల్చాను. ఒక్కోదానికి రెండేసి కార్డులు వచ్చాయి. పలకరాయి పొడిగా ఉంటే పావురం రెక్క రంగు, తడిస్తే దాదాపు బొగ్గు. తుంగ పొడిగా ఉంటే లేత పసుపు బూడిద, తడిస్తే పాచి పచ్చ. ఆలిచిప్ప లోపలివైపు మాత్రం తడిపినా పెద్దగా మారలేదు, అది ముందే నున్నగా ఉంది కదా.

కార్డులన్నీ నేల మీద పరిచి చూస్తే, ఈ మధ్య ఏళ్లలో రంగుల కంపెనీలు ఎటు నడిచాయో కూడా అర్థమైంది. 2022లో మూడు పెద్ద కంపెనీలు ఆ ఏటి రంగుగా బూడిద కలిసిన ఆకుపచ్చలనే ఎంచాయి: షెర్విన్ విలియమ్స్ వాళ్లది 'ఎవర్‌గ్రీన్ ఫాగ్', బెంజమిన్ మూర్ వాళ్లది 'అక్టోబర్ మిస్ట్', బెహర్ వాళ్లది 'బ్రీజ్‌వే'. ఇందులో బ్రీజ్‌వే అలలకు అరిగి నున్నబడ్డ గాజుముక్కల రంగు. ఏటా ఒక రంగును ప్రకటించే పాంటోన్ కంపెనీ 2019లో 'లివింగ్ కోరల్' అని పగడపు రంగు, 2020లో 'క్లాసిక్ బ్లూ' ఇచ్చింది, 2025కి వచ్చేసరికి 'మోకా మూస్' అనే గోధుమరంగు, 2026కి 'క్లౌడ్ డాన్సర్' అనే తెలుపు. కొట్టొచ్చే పగడం నుంచి మట్టికీ మబ్బుకీ వచ్చారు. ట్రెండ్ చూసి రంగు కొనమని చెప్పను, గోడ అయిదారేళ్లు ఉంటుంది. కానీ మట్టి రంగులు ట్రెండ్‌లో ఉన్నప్పుడు కార్డుల్లో మంచి ఛాయలు ఎక్కువ దొరుకుతాయి, నాకు పనికొచ్చింది అదే.

8వ రోజు

గోడ మీద నేరుగా నమూనా వేయడం మానేశాను. పక్కనున్న పాత రంగు కంటిని తప్పుదోవ పట్టిస్తుంది. రెండడుగుల అట్టలకు తెల్ల ప్రైమర్ వేసి, ఒక్కో రంగు రెండు కోట్లు కొట్టి, ఆ అట్టలను నాలుగు గోడలకీ మార్చి మార్చి ఆనించి మూడు రోజులు చూశాను. పొద్దున, మధ్యాహ్నం, దీపాలు వేశాక.

మా కిటికీ ఉత్తరం వైపు, నేరుగా ఎండ పడదు, వచ్చే వెలుతురు ఆకాశం నుంచే వస్తుంది కాబట్టి చల్లగా, కాస్త నీలంగా ఉంటుంది. దాంతో నేను ముచ్చటపడి తెచ్చుకున్న సముద్రపచ్చ మధ్యాహ్నానికి ఉక్కు రంగులోకి పోయింది. రాత్రి మరీ ఘోరం. చెల్లి గదిలోకి వచ్చి "అక్కా, ఇది ఆసుపత్రి వరండాలా ఉందే" అంది. తప్పు రంగుది కాదు, పైన ఉన్న 6500 కెల్విన్, అంటే చల్లటి నీలపు తెలుపు వెలుగిచ్చే ఎల్ఈడీ దీపానిది. దాన్ని తీసేసి వెచ్చటి వెలుగిచ్చే 3000 కెల్విన్‌ది, సీఆర్ఐ (రంగులను ఎంత సహజంగా చూపిస్తుందో చెప్పే అంకె) 90 దాటినది పెట్టాక అదే అట్ట మళ్లీ ప్రాణం పోసుకుంది. రంగు కొనేముందు దీపం మార్చండి. ఇది అందరికీ గట్టిగా చెప్తాను, ఎందుకంటే రంగు కొన్నాక దీపం మారిస్తే ఎంపిక మళ్లీ మొదటికొస్తుంది.

చివరికి సముద్రపచ్చ వదిలేసి, అందులోనే కొంచెం పసుపు మొగ్గున్న ఎండు తుంగ రంగు తీసుకున్నాను. కార్డు వెనక ఎల్ఆర్‌వీ అనే అంకె ఉంటుంది, గోడ ఎంత వెలుతురును తిప్పి పంపుతుందో చెప్తుంది, నలుపు 0, తెలుపు 100. పొడి రంగులన్నీ 60కి పైన, తడి రంగులు 30 లోపు ఉండేలా చూసుకున్నాను. మధ్యలో ఉండే 45, 50 అంకెల రంగులు అందంగానే ఉంటాయి గానీ, వాటితో తడికీ పొడికీ మధ్య ఉండే ఆ గీత చెరిగిపోతోంది.

11వ రోజు

ఈ ప్రాజెక్టులో నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని ఇవాళ మొదలై, ఇవాళే చెడిపోయింది. సోఫా వెనక గోడకు సున్నం వేద్దామనుకున్నాను. ప్లాస్టిక్ పెయింట్ ఎంత మంచిదైనా గోడ మీద తొడుగులా ఉంటుంది. సున్నం గోడలో కలిసిపోతుంది, ఒక్కోచోట ఒక్కోలా ఆరి మబ్బు పట్టినట్టు కనిపిస్తుంది. ఇసుక మీద అల వెనక్కి వెళ్లాక మిగిలే ఆ మరకల్లాంటి ఛాయ ఏ రోలర్‌తోనూ రాదు.

పాత ఎమల్షన్ (అదే, ప్లాస్టిక్ పెయింట్) మీదే ఒక మూల రెండు కోట్లు వేసి చూశాను. ఆరాక చేత్తో రుద్దితే తెల్లపొడి మొత్తం అరచేతికి వచ్చేసింది. సున్నం పట్టాలంటే గోడ నీళ్లు పీల్చుకోవాలి, ఎమల్షన్ పీల్చుకోదు. దీనికి రెండు దారులున్నాయి, సున్నం కోసం తయారుచేసే గరుకు మినరల్ ప్రైమర్ వేయడం, లేదా గోడను ప్లాస్టర్ దాకా గీకేయడం. ఒక్క గోడే కదా అని రెండోది ఎంచుకున్నాను. గీకడానికి ముందు పాత రంగులో సీసం ఉందేమో టెస్ట్ కిట్‌తో చూశాను, లేదు. అయినా మాస్క్ పెట్టుకుని, గోడ తడుపుతూ గీకాను. రెండు రోజులు పట్టింది, భుజాలు పోయాయి.

14వ రోజు

గోడ సిద్ధం. వాడేది గుల్లసున్నం. మన భాషలోనే ఈ మాట ఉంది, సముద్రపు గుల్లలను కాల్చి తీసేది కాబట్టి ఆ పేరు. గుల్ల అంటే కాల్షియం కార్బొనేట్. దాన్ని దాదాపు 900 డిగ్రీల సెల్సియస్ వేడిలో కాలిస్తే లోపలి కార్బన్ డయాక్సైడ్ పోయి పొడి సున్నం మిగులుతుంది, నీళ్లు పోస్తే బుసబుసలాడి తడి సున్నమవుతుంది. గోడకు పూశాక అది గాలిలోంచి కార్బన్ డయాక్సైడ్‌ను నెమ్మదిగా తీసుకుని మళ్లీ కాల్షియం కార్బొనేట్‌గా గట్టిపడుతుంది, అంటే గోడ మీద మళ్లీ గుల్ల తయారవుతుంది. ఇది తెలిసిన రోజు నుంచీ అలంకరణకు గవ్వల దండలు కొనాలన్న ఆలోచనే పోయింది. ఇంతకన్నా సముద్రపు గోడ ఇంకేముంటుంది?

నానిన సున్నం ముద్దను పాలంత పలచగా కలిపి, బట్టలో వడగట్టాను. రంగు కోసం పసుపు మట్టి పొడి, కొంచెం నల్ల ఐరన్ ఆక్సైడ్. సున్నంలో ఏ రంగు పడితే ఆ రంగు వేయకూడదు, దాని పీహెచ్ 12 దాకా ఉంటుంది, ఆ క్షారానికి తట్టుకునే మట్టి రంగులు, ఐరన్ ఆక్సైడ్లు లాంటివే నిలుస్తాయి. ప్రష్యన్ బ్లూ అనే ముదురు నీలం పొడి అయితే విరిగిపోయి గోధుమరంగు తేలుతుంది. రంగుపొడి కూడా సున్నం బరువులో పదో వంతు దాటకపోతే మంచిది, ఎక్కువైతే గోడకు పట్టు తగ్గి పొడి రాలుతుంది. కళ్లద్దాలు, గ్లవ్స్ లేకుండా దీని జోలికి పోవద్దు. చుక్క కంట్లో పడితే కన్నే పోవచ్చు.

గోడ మీద నీళ్లు చిలకరించి, వెడల్పు కుచ్చు బ్రష్షుతో అడ్డదిడ్డంగా, పలచగా ఒక కోటు వేశాను. తడిగా ఉన్నప్పుడు నేను కోరుకున్న రంగు కచ్చితంగా వచ్చింది, ఎంత సంతోషమో. సాయంత్రానికి చూస్తే గోడ దాదాపు తెల్లగా ఉంది.

15వ రోజు

రాత్రంతా దీని మీదే ఆలోచన. తర్వాత గిన్నెల వైపు చూశాక నవ్వొచ్చింది. మొదటి రోజు ఇసుకతో చూసిందే గోడ మీదా జరిగింది: తడి సున్నం ముదురు, ఆరిన సున్నం లేత. నేను తడి రంగు చూసి కలిపాను. ఎమల్షన్‌తో ఇది తిరగబడుతుంది, డబ్బాలో పాలలా లేతగా ఉండి ఆరాక కాస్త ముదురుతుంది. అందుకే పెయింటింగ్‌లో చేయి తిరిగినవాళ్లు కూడా సున్నం దగ్గర తడబడతారు.

ఇప్పుడు పద్ధతి మార్చాను. ప్లాస్టర్ ముక్కల మీద నాలుగు పాళ్లలో కలిపి వేసి, హెయిర్ డ్రైయర్‌తో ఆరబెట్టి, ఆరిన రంగును తుంగతో పోల్చాను. మూడోది కుదిరింది. మొత్తం గోడకు సరిపడా ఒకేసారి కలిపాను, రెండోసారి కలిపితే అదే ఛాయ మళ్లీ రాదు. కోటుకూ కోటుకూ మధ్య ఒక రోజు ఆగుతూ, ప్రతిసారీ గోడ తడుపుతూ మూడు కోట్లు.

18వ రోజు

సున్నం గోడ ఆరింది. పొద్దున్నే కిటికీ తలుపు తీసి చూస్తే, వెలుతురు దాని మీద జారడం లేదు, ఆగుతోంది. చాలాసేపు నేల మీద అలాగే కూర్చుండిపోయాను.

మిగతా మూడు గోడలకు నురగ తెలుపు మ్యాట్ ఎమల్షన్, కిటికీ చట్రాలకు, తలుపుకు తడి పలకరాయి రంగు. వీటిలో చెప్పుకోదగ్గదేం లేదు, ఉప్పు కాగితంతో రుద్ది, ప్రైమర్ వేసి, రెండేసి కోట్లు, ఒకటిన్నర రోజు.

21వ రోజు

అరలకు పైన్ చెక్క తెచ్చాను, పచ్చిగా పసుపు రంగులో ఉంది. ఒడ్డుకు కొట్టుకొచ్చిన చెక్కలా వెండి బూడిద రావాలి. ఎండలో వానలో ఉన్న చెక్కకు ఆ రంగు ఎలా వస్తుందంటే, ఎండ చెక్కలో పీచును అతికించి ఉంచే లిగ్నిన్‌ను విరగ్గొడుతుంది, వాన దాన్ని కడిగేస్తుంది, బూడిదరంగు సెల్యులోజ్ పీచు పైకి తేలుతుంది. అందుకు నెలలు పట్టాలి. ఇంట్లో దీనికి దగ్గరి దారి ఇనుప పీచు, వెనిగర్. పీచును సబ్బుతో కడిగి నూనె పోగొట్టి, తెల్ల వెనిగర్‌లో రెండు రోజులు నానబెట్టాను. మూత బిగించకూడదు, లోపల హైడ్రోజన్ పుడుతుంది. ఆ ద్రావణంలో ఉండే ఇనుము చెక్కలోని టానిన్ అనే వగరు పదార్థంతో కలిసి నల్లబడుతుంది. పైన్‌లో టానిన్ తక్కువ, అందుకని ముందు చిక్కటి టీ డికాషన్ పూసి ఆరనిచ్చి, తర్వాత ద్రావణం పూశాను.

మొదటి ముక్క పది నిమిషాల్లో బూడిద, గంటలో కాటుక. ఒక వంతుకు నాలుగు వంతుల నీళ్లు కలిపి రెండో ముక్క వేస్తే సరిగ్గా వచ్చింది. నల్లబడిన ముక్కను పారేయలేదు, అది తడి చెక్క రంగు. అన్నిటికన్నా కింద అరగా పెట్టాను, పై మూడూ పొడి చెక్క. ఒడ్డున పాతిన గుంజ కూడా కింద నల్లగా, పైన తెల్లగా ఉంటుంది కదా.

పైపూత దగ్గర మళ్లీ జాగ్రత్త కావాలి. నూనె గానీ నూనె వార్నిష్ గానీ పూస్తే చెక్క శాశ్వతంగా తడిసినట్టే ఉండిపోతుంది, ఎందుకంటే అది కూడా నీళ్లలాగే సందుల్లో గాలిని తోసేసి కూర్చుంటుంది. పై అరలకు నీటి ఆధారిత మ్యాట్ పూత వేశాను, కింద అరకు నూనె. ఒక చిన్న ముక్క మీద చూడకుండా ఏ పూతా మొత్తానికి వేయకండి.

24వ రోజు

ఇవాళంతా నారల పని. జనపనార తివాచీ పరిచిన మొదటి రోజే తలుపు దగ్గర తడికాళ్లు పడి గోధుమరంగు మచ్చ తేలింది. తుడిస్తే ఇంకా పాకింది. జనపనారకు నీళ్లు పడవు, ఉతకకూడదు, నీళ్లు పడ్డచోట మచ్చ కట్టి తీరుతుంది. దాన్ని గది మధ్యకు, సోఫా ముందుకు జరిపి, తలుపు దగ్గర సీగ్రాస్ అనే గడ్డినార చాప వేశాను. ఆ నార నున్నగా ఉండి నీళ్లను అంత తొందరగా పీల్చుకోదు. గదిలో ఎక్కడ తడి వస్తుందో చూసి అక్కడ దాన్ని తట్టుకునేది వేయాలి, ఇది రంగులకన్నా ముందు ఆలోచించాల్సింది.

కర్టెన్లకు ఉతికిన లినెన్, వెనక అస్తరు లేకుండా. లినెన్‌ను కుట్టించే ముందే ఉతకాలి, లేకపోతే మొదటి ఉతుకులోనే పొట్టిదవుతుంది. కుర్చీ పేముది. చాలామంది పేముని, వెదురుని ఒకటే అనుకుంటారు. వెదురు లోపల బోలు, పేము లోపల కూడా గట్టిగా నిండుగా ఉండే పాకే తాటిజాతి, అందుకే అలా వంపులు తిరుగుతుంది. కుర్చీకి ఏ రంగూ వేయలేదు.

చెల్లి ఒక పగడపు కొమ్మ చూసి వచ్చింది, అర మీద పెడదామంది. వద్దన్నాను. రాతి పగడాలు సైట్స్ (అరుదైన జీవుల, మొక్కల వ్యాపారాన్ని అదుపుచేసే అంతర్జాతీయ ఒప్పందం) రెండో అనుబంధంలో ఉన్నాయి, అనుమతి లేకుండా దేశాలు దాటించకూడదు. కాగితాలు సరిగా ఉన్నా, అది ఒకప్పుడు బతికిన కాలనీ, దాన్ని దుమ్ము పట్టే బొమ్మగా చూడలేను. ఖాళీ గవ్వలు కూడా సన్యాసి పీతలకు ఇళ్లు. ఇటలీలోని సార్డీనియాలో అయితే 2017 నుంచి తీరంలోని ఇసుక, గవ్వలు తీసుకెళ్తే జరిమానా వేసే చట్టం ఉంది. మా ఇంట్లో ఉన్నది ఒక్క పాత ఆలిచిప్పే. చెల్లి దాన్ని వెనిగర్‌తో కడగబోతే నేనే ఆపాను, ఆమ్లానికి గుల్ల కరిగిపోతుంది. మంచినీళ్లు, మెత్తటి బ్రష్షు చాలు.

27వ రోజు

నీలానికి చోటు దొరికింది. సోఫాలో కూర్చుంటే తలుపులోంచి కారిడార్ చివరి గోడ కనిపిస్తుంది, ఇక్కడికి అదే అన్నిటికన్నా దూరం. కొలిస్తే ఇరవై రెండు అడుగులు. దానికి ముదురు నీలం, కొంచెం బూడిద కలిసినది, మ్యాట్‌లో. ముందుగదిలో ఎక్కడా నీలం లేదు, నీలం దిండు ఒక్కటి కూడా లేదు. ఇవాళ మొదటి కోటు అయ్యాక వచ్చి కూర్చుని చూశాను. దగ్గర తెలుపు, తర్వాత ఇసుక, గడప దగ్గర తడి రాయి, ఆ వెనక ఎక్కడో నీలం. చెల్లి పక్కన కూర్చుని ఏమీ అనకుండా కాసేపు చూసి, "అక్కా, ఈ దిండు రంగు కూడా తీసేద్దామా, కంటికి అడ్డొస్తోంది" అంది. ఎర్ర దిండు, నాకు ఇన్నాళ్లూ కనబడనే లేదు. తీసేశాం.

కారిడార్ గోడ మీద రోలర్ గీతలు రెండు చోట్ల కనిపిస్తున్నాయి, ముదురు మ్యాట్ రంగులకు ఆ ఇబ్బంది ఉంటుంది, ఆరుతున్న అంచు మీద మళ్లీ రోలర్ తిప్పకూడదు. రేపు పొద్దున ఎండ ఎక్కకముందే పై నుంచి కిందకి ఒకే ఊపులో రెండో కోటు వేయాలి.